మారుమూల యనబడు కోరంగి

"మారుమూల" యను మాట మన నోట తరచుగా వినబడును. రైలు నిలువని యూరు మారుమూల. వార్తాపత్రికలో పేరు కానరాని యూరు మారుమూల. మన చుట్టములు లేని యూరు మారుమూల. ఈ మాట ఆ యూరిని గూర్చి తెలుపునది మిక్కిలి స్వల్పము. పలుకువారి యెఱుకను గూర్చి తెలుపునదియే యధికము. భానూరునుండి చూచినచో కోరంగి మారుమూల. కోరంగినుండి చూచినచో భానూరు మారుమూల. ఇందేది నిజమని వాదించుట వ్యర్థము. ఈ రెండూళ్ళకును సంబంధమేమి యని విచారించుటయే ప్రయోజనకరము.

గడచిన సంక్రాంతి సెలవులలో మా పాఠశాల ఉపాధ్యాయులలో కొందరమును, పై తరగతుల విద్యార్థులు కొందరును కలిసి రెండు దినములకొఱకు కోరంగికి పోయి వచ్చితిమి. ఈ ప్రయాణమును గూర్చి ఊర రెండు విధముల మాటలు వినవచ్చినవి. "పరీక్షలు దగ్గరపడుచుండగా బురదను చూచుటకు అంత దూరము పోవలెనా?" యని కొందరు తల్లిదండ్రులు అడిగిరి. "పోవుట నిశ్చయమైనచో పిల్లలు ఆడి పాడుకొను వినోదస్థలమునకేల పోరాదు?" అని మఱికొందరు అడిగిరి. రెండు ప్రశ్నలును న్యాయమైనవే. కూలి డబ్బులలోనుండి మిగిల్చి పిల్లవానిని యాత్రకు పంపు తండ్రికి, ఆ డబ్బు దేనికి వ్యయమైనదో తెలిసికొను హక్కు కలదు. కావున మా యభిప్రాయమును దాచక ఇచ్చట వ్రాయుచున్నాము. కోరంగి ప్రయాణము ఒక యేటితో ముగియరాదనియు, మన పాఠశాలకు ఏటేటి యాచారము కావలెననియు మా యభిప్రాయము. అందులకు గల కారణములను ఒక్కొక్కటిగా విన్నవింతుము.

మొదట ఆ ప్రదేశమును గూర్చి చెప్పవలెను. లింగంపల్లిలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్సు నెక్కినవారు మఱునాటి యుదయమునకు కాకినాడ చేరుదురు. అచ్చటినుండి యానాము పోవు బాటను పట్టి సుమారు 20 కిలోమీటర్లు పోయినచో, చొల్లంగి దాటిన పిమ్మట, తాళ్ళరేవు మండలములో కోరంగి కలదు. ఊరు చిన్నది. ఏటియొడ్డున పడవలు, ఆరవేసిన వలలు, ఎండుచేపల వాసన, కొబ్బరిచెట్ల నీడ; ఇంతకుమించి పైకి కనబడునది లేదు. బంగారు లేడి రూపమెత్తిన మారీచుని కథనుబట్టి "కురంగము" అను మాటనుండి ఆ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. "కళింగ" యను మాటయే అట్లు మారెనని మఱికొందరు పండితులు తలచిరి. పేరెట్లు వచ్చినను, ఊరు ముగిసిన చోటనుండి మడయడవి యారంభమగును. అది మొదలు సముద్రము దాక నేల యేదో నీరేదో తెలియదు.

భూగోళశాస్త్ర పుస్తకములలో మన పిల్లలు అమెజాన్, కాంగో నదుల వర్షారణ్యములను గూర్చి చదువుచున్నారు. కోరంగి యడవి ఆ జాతిది కాదు. దీనిని పోషించునది ఆకాశమునుండి పడు వానకంటె, దినమునకు రెండుమారులు వచ్చి పోవు సముద్రపు పోటు. ఐనను వర్షారణ్యమున గల యాశ్చర్యములకు ఇచ్చటను కొదువ లేదు. మంచినీరు ఉప్పునీరు కలియు బురదలో, తక్కిన చెట్లు మూడు దినములైనను బ్రతుకలేని చోట, ఈ చెట్లు వందలయేండ్లుగా వంశములను నిలుపుకొనుచున్నవి. నల్లమడ, తెల్లమడ చెట్లు శ్వాసకొఱకు తమ వేళ్ళను బురదనుండి పైకి పంపును. అవి నేలలో గ్రుచ్చిన పెన్సిళ్ళవలె వేలకొలదిగా నిలిచియుండును. నల్లమడ పీల్చిన యుప్పును తన యాకులపైకి చెమటవలె వెడలగొట్టును. ఆకును నాలుకకు తాకించిన విద్యార్థులకు ఆ పాఠము మఱల చెప్పవలసిన పని లేకపోయెను. పొన్నజాతి చెట్టు తన గింజను కొమ్మననుండగనే మొలకెత్తించి, పిల్ల నడువనేర్చిన పిదప ఇల్లు వెడలనిచ్చు తల్లివలె, మొలకనే బురదలోనికి విడుచును. తిల్ల చెట్టు పాలు కంటబడినచో చూపునకు ముప్పు. అందుచేత పడవవారు దాని కొమ్మలకు దూరముగా పడవను త్రోయుదురు.

ఈ వేళ్ళ సందులలోనే రొయ్యపిల్లలు, చేపపిల్లలు, మండపీతలు పెద్ద జీవుల నోట పడక పెరుగును. తీరమున వలవేయు మత్స్యకారుని తట్టలో పడు చేప ఈ యడవి యుయ్యాలలో పెరిగినదే. నీటికుక్కలు, లకుముకిపిట్టలు, నానాజాతుల కొంగలు ఇచ్చట నివసించును. మన యింటిపిల్లికి రెట్టింపు పరిమాణము గల్గి, నీట దిగి చేపలు పట్టు బావురుపిల్లి కూడ కలదు. అది రాత్రి సంచరించునది గావున మాకు కనబడలేదు. బురదపై దాని యడుగుల జాడలను మాత్రము పడవవాడు చూపెను. సముద్రమువైపున హోప్ ఐలాండ్ అను సన్నని యిసుకదిబ్బ కలదు. గోదావరి తెచ్చిన యిసుక గడచిన రెండు శతాబ్దములలో ప్రోగుపడి అట్లు పొడవుగా సాగినది. కాకినాడ రేవునకు అదియే పెట్టని గోడ. శీతకాలము చివర ఆ దిబ్బపై సముద్రపు తాబేళ్ళు వచ్చి గ్రుడ్లు పెట్టును. ఈ ప్రదేశమున సుమారు 235 చదరపు కిలోమీటర్లను 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. మన మంజీరానదిలో మొసళ్ళు, పక్షులు ఉండు మడుగులను అభయారణ్యముగా ప్రకటించినదియు ఆ సంవత్సరముననే. ఒక నీటి త్రోవ నడిమి భాగమును, తుది భాగమును ఒక్క యేటనే రక్షణలోనికి వచ్చినవని తెలిసినవారు మన యూర నెందరున్నారు?

రెండవది కోరంగి చరిత్రము. నేడు ఈ యూరి పేరు తెలియనివారు పెక్కుమంది. ఒకప్పుడు సముద్రయానము చేయువారిలో దీనిని ఎఱుగనివారు అరుదు. కలకత్తాకును సింహళమున గల ట్రింకోమలికిని నడుమ పెద్ద యోడలను చేర్చి మరమ్మతు చేయగల చోటు ఇది యొక్కటియే యుండెనని పందొమ్మిదవ శతాబ్దమున హెన్రీ మారిస్ తన గోదావరిజిల్లా గ్రంథమున వ్రాసెను. ఇచ్చట ఓడలను కొత్తగా కట్టుచునుండిరి కూడ. దగ్గరనే యున్న ఇంజరములో ఆంగ్ల వర్తకులకును, యానాములో ఫ్రెంచి వర్తకులకును కోఠీలుండెను. గోదావరి సీమ నేతవస్త్రములు ఈ రేవులనుండియే దేశాంతరములకు పోయెను.

అట్టి కోరంగిని సముద్రము రెండుమారులు ముంచెను. 1789 డిసెంబరులో పెనుగాలితోపాటు మూడు తరంగములు ఒకదాని వెంట నొకటి వచ్చి, ఓడలను మైదానములపైకి విసరివైచి, ఊరిని తుడిచిపెట్టెను. 1839 నవంబరులో మఱల ఉప్పెన వచ్చెను. కలకత్తాలో నౌకావిచారణసభకు అధ్యక్షుడైన హెన్రీ పిడింగ్టన్ ఇట్టి గాలివానల వృత్తాంతములను సేకరించి పరిశోధించెను. 1789 నాటి కోరంగి విపత్తును గూర్చియు వ్రాసెను. పాము చుట్టవలె చుట్టుకొని తిరుగు గాలి గావున గ్రీకుమాటనుండి "సైక్లోన్" అను పేరును కల్పించి, 1848లో నావికులకొఱకు తాను ప్రకటించిన గ్రంథముద్వారా దానిని వ్యాప్తికి తెచ్చినదియు ఆయనయే. నేడు ప్రపంచమంతయు పలుకుచున్న యా మాటకు వెనుక, మనము మారుమూల యనుకొనుచున్న ఈ యూరి మృతులును ఉన్నారు. ఆ మీదట నదీముఖము పూడుటచేత ఓడలు కోరంగిని విడిచి కాకినాడకు పోయెను. రేవు పోయెను, అడవి మిగిలెను.

ఇచ్చట తెలివిగల విద్యార్థి యొకడు ఇట్లు అడుగవచ్చును: "మడయడవి ఉప్పెనను ఆపునని చెప్పుచున్నారు గదా, అప్పుడు కోరంగి యేల మునిగినది?" ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. మహోప్పెన వచ్చినప్పుడు ఏ యడవియు దానిని పూర్తిగా ఆపజాలదు. అడవి చేయునది తరంగపు బలమును తగ్గించుట, ఒడ్డు కోతపడకుండ మట్టిని పట్టియుంచుట. 1999లో ఒడిశాను పెనుతుపాను కొట్టిన పిమ్మట సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అను పండితులు కేంద్రపడా జిల్లా గ్రామములను పరిశీలించి, 2009లో తమ నిర్ణయములను ప్రకటించిరి. సముద్రమునకును తమకును నడుమ మడయడవి వెడల్పుగా నున్న గ్రామములలో మరణములు తక్కువగా నుండెనని వారు చూపిరి. ముందుగా నీయబడిన హెచ్చరిక అడవికంటెను ఎక్కువ ప్రాణములను కాపాడెననియు వారే వ్రాసిరి. రెండును సత్యములే. చెట్టు కావలెను, హెచ్చరికయు కావలెను. 1977 నవంబరులో దివిసీమలో వేలకొలది జనులు ఉప్పెనపాలైనప్పుడు గాని, 1996 నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణమున తుపాను తీరము దాటి కోనసీమను నేలమట్టము చేసినప్పుడు గాని, ఈ రెంటి విలువ తెలియకపోలేదు. తెలిసి మఱచుటయే మన దోషము.

మూడవది మనుష్యుల కథ. ఇది మా విద్యార్థులు మిక్కిలి శ్రద్ధతో వినదగినది. పందొమ్మిదవ శతాబ్దమునుండి గోదావరి, విశాఖపట్టణ మండలముల బీదజనులు వేలకొలదిగా బర్మాకు పోయిరి. రంగూను రేవులో మూటలు మోసినవారు, రిక్షాలు లాగినవారు, బియ్యపుమిల్లులలో పనిచేసినవారు వీరే. తొలుత కోరంగి రేవునుండి వచ్చిన ఓడలలో దిగిరి గావున అచ్చటివారు తెలుగువారినందరిని "కోరంగీలు" అని పిలిచిరి. శ్రీకాకుళమువాడైనను కోరంగీయే, కాకినాడవాడైనను కోరంగీయే. మారిషస్ ద్వీపమున చెఱకుతోటలకు పోయిన తెలుగువారికిని ఇట్టి పేరే కలిగెను. పేరు మొదట ఊరిని తెలిపెను. క్రమముగా కూలిని తెలిపెను. తుదకు ఎగతాళికి పనికివచ్చెను. 1930 మే నెలలో రంగూను రేవునందలి తెలుగు కూలీలు కూలి పెంపుకై పని మానిరి. ఓడల యజమానులు వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. రాజీ కుదిరిన పిమ్మట బర్మీయులను తొలగించిరి. ఆకలిగొన్న రెండు జనముల నడుమ పుట్టిన యా తగవు పట్టణమంతట దొమ్మియై నూరుమందికి మించి ప్రాణములు తీసెను. 1942లో జపానుసేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకను అస్సాము చేర యత్నించిరి. దారిలో రాలిపోయినవారు అనేకులు. బర్మానుండి తిరిగివచ్చినవారు నివసించిన పేటకు విశాఖపట్టణమున నేటికిని "బర్మా క్యాంపు" అనియే పేరు.

ఈ కథను మేమిచ్చట వ్రాయుటకు కారణము కలదు. మన పటాన్‌చెరు ప్రాంతమునకు నేడు ఒడిశానుండి, బీహారునుండి, ఉత్తరాంధ్రమునుండి పనికై వచ్చిన కుటుంబములు వేలకొలదిగా కలవు. వారి పిల్లలు మన పిల్లలతో కలిసి బల్లపై కూర్చుండుచున్నారు. ఆటస్థలమున ఆ పిల్లలను వారి పేళ్ళతో పిలువక రాష్ట్రపు పేరుతో పిలుచుట మా చెవిని పడినది. పిలుచువాడు దానిని చిన్న పరిహాసమనుకొనును. పిలువబడినవాడు ఇంటికి పోయి తల్లికి చెప్పడు. చెప్పినచో ఆమె దుఃఖించునని యెఱుగును. రంగూనులో మన పెద్దలు ఇట్లే "కోరంగీ" యని పిలువబడిరని తెలిసిన తెలుగు బాలుడు, తన ప్రక్కవానిని అట్టి పిలుపు పిలువజాలడని మా నమ్మకము. నీతిపాఠము నూరుమారులు వల్లించుటకంటె, పాడైన యా రేవునొడ్డున నిలువబడి ఈ కథ నొక్కమారు వినుట మేలు. వినోదస్థలమునకు బదులు కోరంగికేల పోవలెనని యడిగినవారికి ఇది మా మొదటి ప్రత్యుత్తరము.

నాలుగవది నీటి సంబంధము. ఏటిలో పడవపై పోవుచుండగా మా విద్యార్థి యొకడు, "ఈ నీళ్ళు ఎక్కడనుండి వచ్చును?" అని పడవవానిని అడిగెను. "ఎక్కడివేంటి బాబూ? పైనుంచి మీరంపినియ్యేనండి. వరదల్లో రండి, ఎర్రగా మీ మట్టి రంగుతోనే వత్తాయి" అని యతడు నవ్వెను. అతడు హాస్యమునకే పలికియుండవచ్చును. కాని భూగోళపటమును విప్పి చూచినచో ఆ మాట అక్షరాల సత్యము. మంజీర మహారాష్ట్రమున బీడు జిల్లాలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, మన సంగారెడ్డి ప్రాంతముగుండ ప్రవహించి, సుమారు 724 కిలోమీటర్ల ప్రయాణము చేసి, నిజామాబాదు జిల్లా కందకుర్తికడ గోదావరిలో కలియును. మన యూళ్ళ వాననీరు నక్కవాగున చేరును; నక్కవాగు మంజీరను చేరును; మంజీర గోదావరిని చేరును; గోదావరి ధవళేశ్వరము దాటి పాయలుగా చీలి కోరంగి మడలలో సముద్రమును చేరును. కావున కోరంగి మనకు పరాయియూరు కాదు. మన యింటి ముంగిట పారు కాలువ తుది మలుపు అది.

ఎగువవాడు దిగువవానికి ఏమి పంపుచున్నాడు? ఈ ప్రశ్న మనకు సుఖమైనది కాదు. 1970ల నుండి పటాన్‌చెరు ప్రాంతమున కర్మాగారములు లేచినవి. మన యూర క్షిపణులను తయారుచేయు కర్మాగారము కలదు. చుట్టుప్రక్కల మందుల కర్మాగారములు, రసాయన కర్మాగారములు కలవు. మా విద్యార్థుల తండ్రులలో అనేకులకు ఇవియే జీవనాధారము. వీనిని నిందించి మేము పుణ్యము కట్టుకొనజాలము. ఐనను ఇచ్చటి మురుగునీరు నక్కవాగును, దాని దరినున్న పొలములను బావులను చెఱచుటచే, ఆ వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టు దాక పోయినది. ఆ దశాబ్దమున మురుగును శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రము వెలసినది. ఆ కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడనుదేశపు పరిశోధకులు పరీక్షించి, సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు గలదని 2007లో ప్రకటించిరి. ఆ మందును మ్రింగిన రోగి రక్తములో నుండు మోతాదుకంటెను అది యధికము. అట్టి నీటిలో మందునకు లొంగని సూక్ష్మజీవులే బ్రతికి వృద్ధిపొందును. రేపు మన పిల్లకు జ్వరము వచ్చినప్పుడు మందు పనిచేయకపోయినచో, ఎవరిని అడుగుదుము? పిమ్మట శుద్ధియైన నీటిని గొట్టములగుండ హైదరాబాదునందలి అంబర్‌పేటకు పంపు ఏర్పాటు జరిగినది. అనగా గోదావరికి పోవలసినది మూసీగుండ కృష్ణకు పోవుచున్నది. నది మారినదే గాని, దిగువనుండు మనుష్యులు లేకపోలేదు.

మన వాగునందలి విషము కోరంగి దాక చేరుచున్నదని మేము చెప్పుట లేదు. నడుమ 1931లో పూర్తియైన నిజాంసాగరము మొదలు ఎన్నియో ఆనకట్టలు కలవు. ఐతే ఆ యానకట్టలే మఱియొక పాఠము చెప్పుచున్నవి. గోదావరి డెల్టాను కట్టినది నది తెచ్చు ఒండ్రుమట్టి. ఎగువ జలాశయములలో నీటితోపాటు ఒండ్రు నిలిచిపోవుటచేత, దిగువ తీరమునకు చేరు మట్టి తగ్గినదనియు, డెల్టా యంచున పలుచోట్ల సముద్రము నేలను కోయుచున్నదనియు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పండితులు తమ పరిశోధనలలో చూపిరి. మంజీరపై కట్టిన జలాశయములు మనకు త్రాగునీరిచ్చి, పొలములకు సాగునీరిచ్చి పోషించుచున్నవి. వానిని వలదనుట మూర్ఖత. కాని ఎగువ మనము త్రాగు ప్రతి లోటా నీటికిని దిగువ నొకడు తన నేలతో వెల చెల్లించుచున్నాడని తెలిసికొనుట మర్యాద. తెలిసికొనినవాడు నీటిని వృథాగా పాఱబోయడు. వాగులో చెత్త వేయుటకు వెనుదీయును. ఇది పుస్తకము నేర్పవలసినదే. కాని పుస్తకమున చదివి మఱచినవారు పలువురు, చూచి మఱచినవారు కొలదిమంది.

ఇక దిగువవారి ధర్మమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. మడయడవిని బీడుభూమిగా లెక్కించు అలవాటు మన దేశమున పాతది. పంట పండదు, ఇల్లు కట్టరాదు, దోమలు కుట్టును. కావున కొట్టివేయుడు అనునది ఆ లెక్క. వంటచెఱకునకును, పశువుల మేతకును కొంత పోయినది. రొయ్యల చెఱువులకు కొంత పోయినది. 2020లో కాకినాడయందలి దుమ్ములపేటకడ, బీదలకు ఇండ్లస్థలములిచ్చుటకై మడయడవిని కొట్టించిరి; ఆ వివాదము జాతీయ హరిత ధర్మాసనము దాక పోయెను. ఇండ్లు లేని బీదల పక్షము వహింపక చెట్ల పక్షము వహించుట నిర్దయ గాదా యని ఎవరైన అడుగవచ్చును. మా ప్రత్యుత్తరము స్పష్టమైనది. బీదవానికి ఇల్లు ఇయ్యవలసినదే. అది అతని హక్కు. కాని ఉప్పెన వచ్చినప్పుడు మొదట మునుగు నేలను వెదకి, దానికి కాపుగా నున్న చెట్లను నరికి, అచ్చట అతనికి ఇల్లు కట్టించుట దయయని మేమొప్పుకొనము. ధనవంతుడు మేడపైకెక్కును, బీదవానికి చెట్టే మేడ.

ఈ కారణములనుబట్టి మా ప్రతిపాదనమును ఇట్లు నివేదించుచున్నాము. ఏటేట తొమ్మిదవ తరగతి విద్యార్థులను, బాలబాలికలను భేదము లేక, కోరంగికి తీసికొనిపోవలెను. తుపానుల కాలము గడచి చలి తగ్గుముఖము పట్టు సంక్రాంతి దినములే దీనికి తగినవి. అప్పటికి అర్ధసంవత్సర పరీక్షలు ముగిసి, తుది పరీక్షలకు వ్యవధి మిగిలియుండును. బయలుదేరుటకు ముందు ఒక శనివారము నక్కవాగు ఒడ్డున నడువవలెను. నీటి రంగును, వాసనను, దరినున్న మొక్కలను నోటుపుస్తకములలో వ్రాసికొనవలెను. అదే పుస్తకమున తరువాతి పుటలలో కోరంగి యేటిని గూర్చి వ్రాయవలెను. రెండు పుటలను ప్రక్కప్రక్కన పెట్టి చదువుటయే ఈ యాత్రకు పరీక్ష. తినుబండారముల పొట్లములు, ప్లాస్టిక్కు సీసాలు ఆ యడవిలో పడవేసి వచ్చుటకైనచో ఎవరును ఇల్లు కదలనక్కఱలేదు.

వ్యయమును గూర్చి తల్లిదండ్రులకు మా మనవి. డబ్బు లేదను కారణమున ఏ విద్యార్థియు ఇంట నిలిచిపోరాదు. శక్తిగలవారు తమ బిడ్డ ఖర్చునకు తోడు మఱికొంత పాఠశాల నిధికి ఇచ్చినచో లేనివారు పోగలరు. ఎవరి డబ్బుతో ఎవరు పోయిరో ఏ పుస్తకమునను వ్రాయనక్కఱలేదు. తండ్రులలో కర్మాగారములయందు పనిచేయువారు, తిరిగివచ్చిన బిడ్డ యడుగు ప్రశ్నలను విసుగక వినవలెను. "మీ కర్మాగారపు నీరు ఎక్కడికి పోవును, నాన్నా?" అని బిడ్డ యడిగినచో అది తండ్రిని తప్పుపట్టుట గాదు. ఆ ప్రశ్న ఇంటింట పుట్టినచో, శుద్ధికేంద్రములు చేయజాలని పనిని అది చేయునేమో! తండ్రికి తెలియని సంగతి యైనచో, తెలిసికొని చెప్పెదనని పలుకుట చాలును.

పాఠశాల పెద్దలకును, మిషన్ అధికారులకును విన్నపము. భూగోళమునకును, చరిత్రకును, ప్రకృతిశాస్త్రమునకును వేఱువేఱు గంటలు కేటాయించితిమి. కోరంగిలో ఆ మూడు పాఠములును ఒక్క పడవలో కూర్చున్నవి. ఒండ్రు నిలిచినచోట రేవు పోయినది. రేవు పోయినచోట అడవి మిగిలినది. ఆ రేవునుండి పోయినవారి పేరు దేశాంతరమున ఎగతాళియైనది. ఒకదానిని విడిచి మఱియొకటి అర్థము గాదు. ఇట్టి పాఠశాల మనకు కట్టడపు ఖర్చు లేక లభించియుండగా, ఏటికి రెండు దినములు దానికి కేటాయించుట అధికమా?

విద్యార్థులారా! మీలో కొందరు చదువు ముగించి ఈ కర్మాగారములలోనే ఇంజనీర్లుగా, రసాయనశాస్త్రజ్ఞులుగా, కార్మికులుగా ప్రవేశింతురు. ఏ గొట్టమును ఎటు త్రిప్పవలెనో నిర్ణయించు దినము మీకు వచ్చును. అప్పుడు దిగువ నెవరును లేరని, అదంతయు మారుమూల యని మీతో చెప్పువారుందురు. అచ్చట నల్లమడ ఆకుపై ఉప్పును రుచి చూచినవారు ఆ మాటను నమ్మరు. అందులకే మిమ్ములను కోరంగికి తీసికొనిపోవలెనని మేము కోరుచున్నాము.